ఘాటు రాని మిరపకాయలు

ఈమధ్య దోహాలో తెలిసినవాళ్ళ ఇంట్లో పసిబిడ్డను ఉయ్యాలలో వేస్తున్నారంటే వెళ్ళాను. పాట అయిపోయాక ఒక పెద్దావిడ గుప్పెట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని బిడ్డ చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ వచ్చి, "ఇంట్లోవాళ్ళ దిష్టి" అన్న మాట దగ్గర ఆగి, సోఫా పక్కన నిలబడ్డ బిడ్డ అక్క వైపు చూసింది. ఆ పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయేమో. కొత్త గౌను వేసుకుంది. ఆ గౌను బాగుందని అప్పటిదాకా ఎవరూ అనలేదు. "నువ్వు కాస్త అవతలికి వెళ్ళు తల్లీ, తీసేటప్పుడు నీ చూపు పడకూడదు" అంది పెద్దావిడ. పిల్ల వెళ్ళింది. గడ్డం పైకెత్తి, పెదవి లోపలికి కొరుక్కుంటూ వెళ్ళింది.

నేను ఆవిడతో వాదనకు దిగాను. వేడుకకు పిలిస్తే వెళ్ళి వాదించడం మర్యాద కాదని అందరూ అన్నారు. కావచ్చు. ఎనిమిదేళ్ళ పిల్లను దోషిలా గోడవారకు పంపడం మర్యాద అయినప్పుడు, దానికి అడ్డుపడేది ఏదైనా అమర్యాదగానే కనపడుతుంది. వాదన ఎటు తేలిందన్నది ఇక్కడ అనవసరం. తిరిగి వస్తుంటే దారి పొడవునా అల్ ఖోర్‌లో మా పాత ఇల్లే గుర్తుకొచ్చింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఎప్పుడో కూల్చేశారు. అది ఒక పెద్ద విల్లా. లోపల చెక్కగోడలు కట్టి, ఒక్కో భాగాన్నీ ఒక్కో కాపురానికి విడగొట్టి అద్దెకిచ్చేవారు. ముందు భాగం మాది. పక్క భాగంలో నిజామాబాద్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. ఆ ఇంటావిడను పిల్లలందరం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. వెనక భాగంలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆవిడ మాకు అత్తయ్య. చెక్కగోడ చెవి లాంటిది. ఎవరింట్లో ఎవరు ఎవర్ని తిట్టారో, ఎవరి కూరలో ఉప్పు ఎక్కువైందో అందరికీ తెలిసేది. పొద్దున్నే ఖాలా పెనం మీద నేతితో వేడిచేసే ఖుబ్బూస్ రొట్టెల వాసన, మధ్యాహ్నం అత్తయ్య వేయించే ఎండురొయ్యల వాసన, సాయంత్రం మా అమ్మ చింతకాయ తొక్కుకు పెట్టే తాలింపు. తూర్పుగాలి తిరిగితే సముద్రం ఆటు వాసన వీటన్నిటినీ తోసుకుని వచ్చేది. గేటుకు, మేడమీద ఉండే ఈజిప్టువాళ్ళు ఒక నీలిగాజు కన్ను వేలాడదీశారు. దిష్టి తగలకుండానట. దేశాలు వేరు, దేవుళ్ళు వేరు, భాషలు వేరు. ఒక్క దిష్టి విషయంలో మాత్రం ఆ గేటు లోపల అందరిదీ ఒకే మతం.

నేను ఆ ఇంటికి ఆలస్యంగా వెళ్ళాను. అప్పటికి పదమూడు నిండాయి. పాలు మానిన దగ్గర్నుంచి జగిత్యాల వైపు ఒక ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగాను. అమ్మ నన్ను అక్కడ వదిలి నాన్న దగ్గరకు వెళ్ళింది. తరువాత తమ్ముడు ఇక్కడే పుట్టాడు. గల్ఫ్ ఇళ్ళలో ఇది వింత కాదు. మా వీధిలోనే నాలాంటివాళ్ళు ఉన్నారు. నేను అమ్మమ్మను అమ్మా అనేదాన్ని. అసలు అమ్మ ఫోన్లో వినిపించే గొంతు. ఆమెను "దుబాయ్ అమ్మ" అనేదాన్ని. ఖతర్ అనే మాట మా ఊళ్ళో ఎవరి నోటా పలికేది కాదు. అమ్మమ్మకు చూపు మందగించి మామయ్య తన దగ్గరకు తీసుకుపోయాడు. ఇంటికి తాళం పడింది. నాకు వీసా వచ్చింది.

విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చిన రోజు అమ్మ నా కంచంలో అన్నం పెట్టి, "కారం ఎక్కువైందా బిడ్డా? పెరుగు తింటవా? గీ కూర నచ్చకుంటే ఇంకోటి జేస్త" అంది. ఆ రోజు సంతోషించాను. వారం గడిచినా అలాగే అడిగింది. నెల గడిచినా అంతే. తమ్ముణ్ణి మాత్రం ఏదీ అడిగేది కాదు. "ఏందిరా ఆ తినుడు, కోడి గెలికినట్టు! సప్పుడు జెయ్యకుండ మింగు!" అని వాడి నెత్తిన ఒకటి మొట్టేది. ఆ మొట్టికాయ చూసి నాకు కడుపు రగిలిపోయేది. పిల్లలు మిఠాయిలకూ బొమ్మలకూ ఈర్ష్యపడతారని పెద్దలు అనుకుంటారు. నేను మొట్టికాయలకు ఈర్ష్యపడ్డాను. అడిగి వడ్డించేది చుట్టాలకు. తిట్టి పెట్టేది సొంతవాళ్ళకు. ఈ తేడా పదమూడేళ్ళ పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వాడికి ఐదేళ్ళు. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు, మా తెలంగాణ మాట, అన్నీ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. "అమ్మా, యల్లా, బస్ ఆగయా, సాక్స్ ఏడున్నయ్?" అనేవాడు. ఆ గలగల విని నాన్న పగలబడి నవ్వేవాడు. నేను నోరు తెరిస్తే మాత్రం, "ఊరి భాష బంద్ జెయ్, స్కూల్ల నవ్వుతరు" అనేవాడు. గోడ మీద వాడి ఫొటోలు వరసగా ఉండేవి. బోర్లపడ్డది, కూర్చున్నది, మొదటిసారి సముద్రం చూసి ఏడ్చింది. నాది ఒక్కటే, వీసా కోసం తీసిన పాస్‌పోర్టు ఫొటో. దానికి ఫ్రేము కూడా కట్టించారు పాపం.

కసి తీర్చుకోవడానికి నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. ఫ్రిజ్‌లో వాడికోసం దాచిన ముక్కోణపు చీజ్ బిళ్ళలు తినేసి, రేకు కాగితాలు మళ్ళీ అలాగే మడిచి డబ్బాలో సర్దేదాన్ని. వాడికి మా ఊరి తిట్లు నేర్పాను. వాడు వాటిని స్కూలు బస్సులో ఆయమ్మ మీద ప్రయోగించాడు. ఒకరోజు, "నిన్ను అమ్మ కనలేదు. చేపల మార్కెట్ల ఎండురొయ్యలు కొంటే కొసరు ఇచ్చిండ్రు" అని చెప్పాను. వాడు ఏడవకుండా నేరుగా అమ్మ దగ్గరకు వెళ్ళి, "నన్ను కిలోకు ఇచ్చిండ్రా, రెండు కిలోలకా?" అని అడిగాడు. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నా అస్త్రం కూడా వాడికి ఇంకో ముద్దు సంపాదించి పెట్టింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కోపం ఇంట్లో పట్టక స్కూలుకు కూడా వెళ్ళింది. నా ఇంగ్లీషును వెక్కిరించిన పిల్ల టిఫిన్ డబ్బాను కదిలే బస్సు కిటికీలోంచి విసిరేశాను. ఇంకోసారి క్లాసు తలుపు అద్దం పగిలింది. నాన్నను పిలిపించారు. ఆయన ఒక కాంట్రాక్టరు కంపెనీ తరఫున గ్యాస్ ప్లాంటులో మెయింటెనెన్స్ పని చేసేవాడు. డ్యూటీ మానుకుని గ్రీజు మరకల బట్టలతోనే వచ్చి, ప్రిన్సిపాల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక గొంతు పెంచలేదు. "ఇంకొక్కసారి గిట్లయితే ఊళ్ళె హాస్టల్ల ఏస్త. టికెట్ తీసుడు ఎంతసేపు?" అన్నాడు.

అమ్మమ్మ ఇంటికి తాళం. అంటే నన్ను పంపేది ఇంటికి కాదు. నాకు ఉన్న ఇల్లు ఇదొక్కటే, ఇందులోనేమో నేను చుట్టాన్ని. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. ఆ మాట నోరు తెరిచి చెప్పడం చేతకాక తలుపులు దబదబా వేసేదాన్ని.

ఇప్పుడు గీజర్ సంగతి చెప్పాలి. ఖతర్‌లో ఎండాకాలం నల్లాల ధర్మం తిరగబడుతుంది. మేడమీద ట్యాంకు ఎండకు కాగిపోయి, చన్నీళ్ళ నల్లా తిప్పితే మరిగిన నీళ్ళు వస్తాయి. అందుకని ఎండలు ముదరగానే గీజర్ స్విచ్ కట్టేస్తారు. ఇంటి లోపల నీడన ఉండే గీజర్‌లో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి. ఇక వానలు పడే చలికాలం దాకా ఎర్రగుర్తు నల్లాయే చన్నీళ్ళ నల్లా. పుట్టిన దగ్గర్నుంచి ఇక్కడే పెరిగిన పిల్లలకు ఇది ఊపిరి తీసుకున్నంత సహజం. ఎండాకాలం రాగానే కళ్ళు మూసుకుని ఎర్ర నల్లా తిప్పుతారు. మా ఇంట్లో గీజర్ కట్టేసి కొన్నాళ్ళయింది.

ఆ రోజు నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ ఖాలా దగ్గరకు ఏదో పొడి విసురుకోవడానికి వెళ్ళింది. తమ్ముడు ఇసకలో ఆడి ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుని వచ్చాడు. "పోయి స్నానం జెయ్" అన్నాను, పుస్తకం మీంచి తల ఎత్తకుండా. ముందురోజు రాత్రి అమ్మ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని గోళ్ళు తీస్తుంటే చూసి, వీడికేదన్నా అయితే బాగుండు అనుకున్నాను. స్పష్టంగా, అవే మాటలతో అనుకున్నాను.

కేక వినపడింది. పరిగెత్తాను. బాత్రూమ్ అంతా ఆవిరి. వాడు షవర్ కింద మూలకు కరుచుకుపోయి, నీళ్ళకు అడ్డంగా వీపు పెట్టి అరుస్తున్నాడు. లాగేశాను. నా చెయ్యి కూడా చురుక్కుమంది. చన్నీళ్ళు ఎక్కడివి? రెండో నల్లా మధ్యాహ్నపు ఎండకు మండుతోంది. వంటింట్లోకి ఎత్తుకుపోయి, తాగే నీళ్ళ పెద్ద సీసా ఎత్తి వాడి భుజం మీద, వీపు మీద ఆపకుండా పోశాను. నేల మడుగయింది. వాడు నన్ను పట్టుకుని ఏడుస్తున్నాడు.

అమ్మ లోపలికి వచ్చింది. వచ్చీ రాగానే నన్ను చూసి, "ఏం జేసినవే వాన్ని?" అంది.

ఏమైందని అడగలేదు. ఏం జేసినవే అంది.

ఖాలా భర్త కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణానికి భయం లేదన్నారు. వెంటనే నీళ్ళు పోయడం మంచిదైందని డాక్టరు అన్నాడట. ఆ మాట నాకు చాలా రోజుల తరువాత తెలిసింది. ఆ సాయంత్రం నాకు తెలిసింది ఒకటే. గీజర్ స్విచ్ మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఎవరు వేశారని నాన్న అడిగాడు. "నేను కాదు" అన్నాను. నాన్న నా ముఖంలోకి చూశాడు. కిటికీలోంచి పోయిన టిఫిన్ డబ్బా, పగిలిన అద్దం, అన్నీ ఆ చూపులో కనపడ్డాయి.

మరునాడు అత్తయ్య వచ్చింది. వాడి కట్లు చూసి బుగ్గలు నొక్కుకుని, అమ్మతో మెల్లగా అంది. మెల్లగా అనే మాటలు చెక్కగోడల ఇంట్లో ఇంకా బాగా వినపడతాయి.

"చేత్తో వేసిందో లేదో నాకు తెలీదమ్మాయ్. కంటితో మాత్రం వేసింది. ఆ పిల్ల చూపు నువ్వు చూశావా ఎప్పుడన్నా? పచ్చని చెట్టు మీద పడితే మాడిపోద్ది."

"అరె, పసిపోరి మీద గిట్లనకు" అంది ఖాలా. అని ఊరుకోలేదు. "నజర్ అయితే లగ్గయీ, దిష్టి తగిలింది, అది నిజమే. నేను నీళ్ళు దమ్ చేసి ఇస్త, తాపియ్యి. నువ్వు నీ మిరపకాయలు జెయ్. రెండూ అయితే పాయె" అంది. దమ్ చేయడం అంటే ప్రార్థన చదివి నీళ్ళ మీద ఊదడం.

అత్తయ్య ఎండుమిరపకాయలూ ఉప్పూ వాడి చుట్టూ తిప్పి, వంటింట్లో స్టవ్ మీద వేసింది. దిష్టి లేకపోతే ఘాటు కొడుతుందట. ఉంటే మిరపకాయ మాడినా ఘాటు రాదట. మాడాయి, నల్లగా మాడాయి. ఎవరికీ ఒక్క దగ్గు రాలేదు.

"చూశారా? ఘాటే లేదు! ఎంత దిష్టి కొట్టిందో చూడండి!" అంది అత్తయ్య.

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ తిరగలేదు. స్టవ్ వైపే చూస్తూ నిలబడింది. నా ముఖం చూడటానికి కూడా ఆమెకు రోత పుడుతోందనుకున్నాను.

మూఢనమ్మకం తెలివిలేనివాళ్ళ సరదా అని, దానివల్ల ఎవరికీ నష్టం లేదని నాతో వాదించే మిత్రులున్నారు. వాళ్ళకు నేను ఆ పదమూడేళ్ళ పిల్లను చూపించాలనుకుంటాను. ఆ పిల్ల నమ్మింది. ముందురోజు రాత్రి తను అనుకున్న మాట తనకు గుర్తుంది కదా. అనుకుంది, జరిగింది. ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ రోజుల్లో నేను తల వంచుకుని నడిచేదాన్ని. తమ్ముడున్న గదిలోకి వెళ్ళాల్సి వస్తే గోడ చూస్తూ వెళ్ళేదాన్ని. వాడు బోర్లా పడుకుని, దిండులోంచి ఒక కన్ను బయటపెట్టి, "అక్కా, నన్ను సూడవా? నా పట్టీ సూడు, ఎంత పెద్దగుందో" అనేవాడు. నేను చూసేదాన్ని కాదు. వాడు నా మీద అలిగేవాడు. నా చూపులో ఏముందని అందరూ అంటున్నారో వాడొక్కడికే తెలియదు. వాడొక్కడే దాన్ని అడిగాడు.

చెక్కగోడ అవతల నాన్న ఊరికి ఫోన్ చేయడం విన్నాను. "సెలవులకు తోల్కొస్తం. ఆన్నే ఉంటది. కరీంనగర్‌ల మంచి హాస్టల్ సూడు తమ్మీ" అంటున్నాడు. అమ్మ ఏదన్నా అంటుందేమోనని చెవి గోడకు ఆనించి కూర్చున్నాను. ఏమీ అనలేదు.

తరువాత ఒక మధ్యాహ్నం అమ్మ పచ్చడికోసం మిరపకాయలు వేయిస్తోంది. గుప్పెడు కాదు, మూకుడు నిండా. ముక్కుకు ఏమీ తగల్లేదు. ఇంతలో ఫోన్ మోగింది. మా వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాతది, రైలింజనులా మోత మోగేది. ఫోన్ వినపడాలని అమ్మ దాన్ని కట్టేసింది. అంతే, ఇద్దరికీ దగ్గు మొదలైంది. కళ్ళ వెంబడి నీళ్ళు. అమ్మ దగ్గుతూనే ఫోన్లో మాట్లాడుతోంది. నేను దగ్గుతూనే ఆ ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాను.

మరునాడు సాయంత్రం అత్తయ్యా ఖాలా మా ఇంట్లో చాయ్ తాగుతున్నారు. నేను గుప్పెడు మిరపకాయలు తీసుకుని, అందరూ చూస్తుండగా గ్యాస్ సిలిండర్ చుట్టూ మూడుసార్లు తిప్పాను.

"ఏందే అది?" అంది అమ్మ.

"సిలిండర్‌కు దిష్టి తీస్తున్న" అన్నాను.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ కట్టేసి, మిరపకాయలు స్టవ్ మీద వేశాను. చాయ్ కప్పులు ఎక్కడివక్కడ వదిలి అందరూ కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు. ఖాలా "యా అల్లా, చంపుతవా ఏంది పోరీ!" అని తలుపు వైపు ఉరికింది. నేను ఫ్యాన్ వేశాను. కాసేపటికి గాలి తేటపడింది. ఇంకో గుప్పెడు వేశాను. మాడాయి. ఎవరూ దగ్గలేదు.

"ఫ్యాన్ బంద్ జేస్తే సిలిండర్‌కు దిష్టి లేదు. ఫ్యాన్ ఏస్తే దిష్టి వచ్చింది. ఆనాడు కూడా ఫ్యాన్ నడుస్తనే ఉండె" అన్నాను.

ఖాలా తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వూ దగ్గూ కలిసి ఆవిడకు ఊపిరాడలేదు. "అయ్యయ్యో చెల్లె, నీ బిడ్డ లాయరైతది!" అంది.

అత్తయ్య మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, "అయితే పిల్లాడి దిష్టి ఈ రోజుతో పోయిందన్నమాట. మంచిదే" అంది.

నా జీవితంలో నేను చేసిన మొదటి రుజువు అది. దానికి దక్కిన ఫలితం అది. ఆ తరువాత ఎన్నో సభల్లో ఎందరితోనో వాదించాను. అత్తయ్యను మించిన ప్రత్యర్థి నాకు ఎదురుపడలేదు. కానీ ఆ సాయంత్రం నేను ఆగలేదు.

"కండ్లతోని స్విచ్ పడదు. చెయ్యి ఉండాలె. నా చెయ్యి కాదు. మరి ఎవరి చెయ్యి?" అన్నాను.

అమ్మ లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఖాలా నవ్వు ఆగింది. ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని కప్పులు సింకులో పెట్టి వెళ్ళిపోయారు.

నేను లోపలికి వెళ్ళేసరికి అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. తమ్ముడు నిద్రపోతున్నాడు.

"నేనే ఏసిన" అంది.

నాకు మొదట అర్థం కాలేదు.

"మీ నాయన డ్యూటీ బట్టలు. గ్రీజు. పొద్దుగాల నల్లా నీళ్ళు సల్లగుంటయ్, మరక పోదు. జరసేపు గీజర్ ఏసిన. ఇంతల వీడు లేచి ఏడ్చుడు పెట్టిండు. మరిచిన. దవాఖానల కూసున్నప్పుడు యాదికొచ్చింది."

"మరి చెప్పకపోతివి?"

"భయమైంది."

"నన్నంటుంటే సూస్కుంట నిలబడ్డవ్."

"నిలబడ్డ" అంది. కాదని అనలేదు.

దిష్టి అనేది ఎవరికి పనికొస్తుందో నాకు అప్పుడు తెలిసింది. తప్పు చేసినవాళ్ళకు అది ఫీజు అడగని లాయరు. పిలవకపోయినా వచ్చి వాదిస్తుంది. అమ్మ అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. అత్తయ్య మిరపకాయలు ఆమె తరఫున చెప్పాయి.

నా కోపానికి అప్పటిదాకా సరైన కారణం దొరకలేదు. ఇప్పుడు దొరికింది. ఆ రుచి ఇంకా నాలుక మీద ఉంది. గేటు దగ్గర నిలబడి మూడు కాపురాలకూ వినపడేలా అరుద్దామనుకున్నాను. నోరు తెరిచేసరికి వచ్చిన మాట వేరు.

"నన్నెందుకు ఆన్నే ఇడిసిపెట్టినవ్? వాన్నెందుకు నీ దగ్గర ఉంచుకున్నవ్?"

అమ్మ చీర అంచు నలుపుతూ మొదలుపెట్టింది.

"రెండేండ్లల్ల తీస్కపోత అనుకున్న. అప్పుడు మాకు ఇంకొకల్ల రూంల ఒక మూలనే దొరికింది. సొంత రూం దొరికినంక, నీ వీసా రేపు మాపు అనుకుంటనే వీడు పుట్టిండు. నిన్ను తీస్కపోదామని వచ్చిన ఒకపారి. నీకు యాదుండది. ఎత్తుకుంటే గీరినవ్. మా అమ్మ దగ్గరికి ఉరికి, 'అమ్మా, గీమె ఎవ్వరే' అన్నవ్."

అమ్మ తమ్ముడి దుప్పటి సర్ది, మళ్ళీ అంది.

"ఆ రోజు మా అమ్మ మీద నాకు ఎంత కడుపు మండెనో ఎవ్వలికి చెప్పుకుందు? కన్న తల్లి మీద! ఆమె నీకు తలకాయ దువ్వుతుంటే ఆ దువ్వెన గుంజుకుని ఇసిరికొట్టాలనిపించింది. ఫోన్ల నువ్వు అమ్మా అంటే నేను ఓ అనేదాన్ని. 'నిన్ను కాదు, ఈడున్న అమ్మను' అనేదానివి. ఇప్పుడు వచ్చినవ్ గని, ఒక్క మాట గట్టిగ అందామంటే భయం. పోత అంటవేమోనని."

దువ్వెన విసిరికొట్టాలనిపించింది అంటున్నప్పుడు ఆమె చెయ్యి నిజంగానే అలా లేచింది. ఆ చెయ్యి నాది. అద్దం పగలగొట్టింది అదే. నాలో మాత్రమే ఉందనుకున్న మంట ఆమెలో నాకంటే ముందునుంచీ ఉంది. మా ఇద్దరి మధ్యా పోలిక ఏముందని ఎవరన్నా అడిగితే, ముక్కూ కళ్ళూ కాదు, ఇదీ అని చెప్పగలను.

"నాయనకు చెప్పు" అన్నాను.

"చెప్త."

"ఈయాలనే."

నాన్న వచ్చి భోంచేశాక చెప్పింది. నేను ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు. ఆమె చెప్పకుండా దాటేస్తుందేమోనని కావచ్చు. ఒంటరిగా చెప్పుకోవాల్సి వస్తుందని కావచ్చు. రెండూ నిజమే అయ్యుంటాయి. నాన్న విని, ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. "నా బట్టలకు మరక ఉంటే కొంపలు మునుగుతయా?" అన్నాడు చివరికి. నన్ను క్షమించమని అడగలేదు. ఆ తరం మగవాళ్ళకు ఆ మాట నేర్పినవాళ్ళు లేరు. ఫోన్ తీసి, నాకు వినపడేటట్టు గట్టిగా, "తమ్మీ, ఆ హాస్టల్ ముచ్చట బంద్. బిడ్డ ఈన్నే ఉంటది" అన్నాడు.

కథయితే ఇక్కడ నేను అమ్మను కౌగిలించుకుని ఏడవాలి. అలా జరగలేదు. నిర్దోషులని తేలినవాళ్ళకు ఒక గద్దె దొరుకుతుంది. దాని మీంచి దిగబుద్ధి కాదు. అమ్మ నన్ను దేనికన్నా పిలిస్తే, జవాబు చెప్పకుండా బాత్రూమ్ పక్కనున్న గీజర్ స్విచ్ వైపు చూసేదాన్ని. చూసి ఊరుకునేదాన్ని. అంతే చాలు, ఆమె మాట మధ్యలో ఆగిపోయేది. ఒకసారి అలా చూసినప్పుడు ఆమె చేతిలోంచి గరిటె జారి, పప్పు స్టవ్ మీద ఒలికింది.

అప్పుడు నాకు భయం వేసింది. అత్తయ్య చెప్పిన శక్తి నా కంటికి నిజంగానే వచ్చింది. అందులో మాయ ఏమీ లేదు. తప్పు ఒప్పుకున్న మనిషిని రోజూ ఆ తప్పు దగ్గరకు లాక్కుపోతే ఎవరైనా వాడిపోతారు. మిరపకాయలతో పోయే దిష్టి కాదిది. చూసేవాళ్ళే మానాలి.

నాన్న సామాన్ల పెట్టెలోంచి నల్లటేపు తీసి ఆ స్విచ్ మీద అడ్డంగా, నిలువుగా అంటించాను. అమ్మ చూస్తోంది. "ఇగ అయిపోయింది" అన్నాను. క్షమ గురించి పెద్ద పెద్ద మాటలు విన్నాను, చదివాను. దేవుడి గుణమన్నారు, పుణ్యమన్నారు. నాకు తెలిసినంతలో అది ఒక చూపు మానుకోవడం. మానుకున్నాక కూడా చాలాసార్లు చూడాలనిపిస్తుంది.

ఆ శుక్రవారం సాయంత్రం నాన్న మమ్మల్ని అల్ ఠఖీరా మడ అడవుల వైపు తీసుకెళ్ళాడు. ఆటు సమయం. మోకాళ్ళ లోతు నీళ్ళు, కింద మెత్తటి బురద, చుట్టూ పొట్టి పొట్టి మడచెట్లు. తమ్ముడి కట్టుకు ఉప్పునీళ్ళు తగలకూడదు కనుక వాడు నాన్నతో ఒడ్డున చాప మీద ఉండిపోవాలి. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం నీళ్ళలోకి నడిచాం. బురదలో కాలు జారినప్పుడల్లా ఆమె నన్ను పట్టుకుంటోందో, నేను ఆమెను పట్టుకుంటున్నానో తెలియలేదు. ఒక ఎండ్రకాయ పాదం మీంచి పాకితే అమ్మ కెవ్వుమంది. నేను నవ్వాను.

ఒడ్డు నుంచి ఏడుపు వినపడింది. "అక్కనే తీస్కపోయినవ్! నన్ను తీస్కపోవా? అక్కనే!" అంటూ తమ్ముడు ఇసక గుప్పిళ్ళతో తీసి నీళ్ళ వైపు విసురుతున్నాడు. నాన్న సముదాయిస్తుంటే ఆయన చెయ్యి తోసేస్తున్నాడు. గడ్డం పైకెత్తి, పెదవి కొరుక్కుంటూ నన్నే చూస్తున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి వాడికి అలా చూడాల్సిన అవసరం రాలేదు.

"పోదామా?" అంది అమ్మ.

"ఇంకొంచెం సేపు" అన్నాను.

ఇంకొంచెం సేపు నిలబడ్డాం. తరువాత నేను ఒడ్డుకు వచ్చి వాడి పక్కన కూర్చున్నాను. వాడు అటు తిరిగి కూర్చున్నాడు. బతిమాలలేదు. ఆ కోపం దిగడానికి ఎంత సేపు పడుతుందో నాకు తెలుసు. కూర్చునే ఉన్నాను.